స్టేబుల్ల ఉన్నడు

దోహాలో ఒక పెద్ద ఆసుపత్రిలో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పొద్దుటి డ్యూటీ పడిందంటే నా పని ఐసీయూలో మొదలవుతుంది. అక్కడి మనుషులు లేచి రాలేరు కాబట్టి మిషనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. చక్రాల మీద నడిచే ఆ బరువైన మిషన్ని తోసుకుంటూ ఒక్కో మంచం దగ్గర ఆగుతాను. నర్సు సాయం పట్టి మనిషిని కాస్త ఎత్తితే వీపు కిందకి ప్లేటు జారుస్తాను. "ఎక్స్‌రే!" అని కేక వేస్తాను. డాక్టర్లు, నర్సులు, నేల తుడిచేవాళ్ళు అందరూ దూరంగా తప్పుకుంటారు. మీట నొక్కే ఆ కాసేపూ అక్కడ మంచం మీది మనిషి తప్ప ఇంకెవరూ ఉండరు.

ఆ వార్డులో తెల్లారి లేచింది మొదలు వినపడే మాట ఒకటి ఉంది. స్టేబుల్. డ్యూటీ దిగే నర్సు ఎక్కే నర్సుకు రోగిని అప్పజెబుతూ ఆ మాటే అంటుంది. డాక్టర్లు మంచాల మధ్య తిరుగుతూ అదే అంటారు. మా ఎక్స్‌రే రిపోర్టుల్లోనూ అదే. ఊపిరితిత్తిలో నిన్న ఎంత నీరుందో ఇవాళా అంతే ఉంటే స్టేబుల్ అని రాసేస్తారు. తగ్గలేదన్న సంగతి అందులో కనపడదు. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఆ మాట చెవిన పడితే హమ్మయ్య అనుకునేదాన్ని. కొన్నాళ్ళకి ఆ హమ్మయ్య పోయింది.

మా ఇంట్లో ఆ మాటకి వేరే వాడకం ఉంది. మా ఆయన ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. ఆయన కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగిస్తారు, పొడిగించేదాకా చెప్పరు. అల్ సద్‌లో ఒక ఫ్లాటులో సగం మాది, సగం ఒక మలయాళీ కుటుంబానిది, వంటిల్లు ఇద్దరిదీ. పిల్లల మాట ఎత్తినప్పుడల్లా ఆయన "కాస్త స్టేబుల్ అవ్వనీ" అంటాడు. మొదట్లో ఆ మాట నేనూ అన్నాను. తాడేపల్లిగూడెం నుంచి మా అమ్మ ఫోన్ చేసి "ఇంకా స్టేబుల్ అవ్వలేదా తల్లీ?" అని అడిగేది. అమ్మకి అది ఏదో జబ్బు పేరులా వినపడేదేమో, మెల్లిగా అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

దుమ్ముగాలులు మొదలైన రోజుల్లో ఒకతను వచ్చాడు. తలకి దెబ్బ. గుర్రం తన్నిందని చెప్పారు. చేతి పట్టీ మీద ఇంటిపేరు చూసి తెలుగువాడని పోల్చుకున్నాను. నలభై దాటి ఉంటాయి. తలంతా కట్టు. కట్టు కింద మొహం వాచిపోయి ఉంది. నోట్లో గొట్టం, మిషన్ ఊపిరి. వీపు కింద ప్లేటు పెడుతున్నప్పుడు అతని చేతులు చూశాను. అరచేతులు గట్టిపడి నల్లబడి ఉన్నాయి, గోళ్ళ సందుల్లో గుర్రాల కింద పరిచే సన్నని రంపపు పొట్టు. ఎన్నిసార్లు తుడిచినా అది పోవడం లేదని నర్సు అంది. ఆ రోజు తీసిన ఫోటోలో అతని ఊపిరితిత్తులు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఎక్స్‌రేలో నలుపంటే మంచిది, అక్కడ గాలి ఉన్నట్టు. చెడిపోయింది తలలోపల.

నా డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోతుంది. మూడు రోజుల తర్వాత ఐసీయూ బయట నిలబడి మా ఆయనతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. గోడకి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దాయన లేచి దగ్గరికి వచ్చాడు. తెల్లని గడ్డం, నెత్తి మీద అల్లిన టోపీ, బట్టల్లో ఎండు గడ్డి వాసన.

"తెలుగోళ్లా బేటీ?" అన్నాడు.

ఆయనది కోరుట్ల. రయ్యాన్ అవతల ఒక పెద్ద షేక్ గుర్రాల దగ్గర చాలా ఏళ్ళుగా పని. దెబ్బ తగిలినతను ఆయన చేతి కింద పనిచేసేవాడు, ఆయన గదిలోనే ఉండేవాడు. అక్కడ అందరూ ఆయన్ని బాబాయి అన్నట్టు చిచ్చా అంటారట. రెండు రోజుల్లో నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

"మావోడు మొదల కన్‌స్ట్రక్షన్ల ఉండె. ఆ కంపెనీ మూతపడ్డది. గుర్రాల కాడ మనిషి కావాల్నంటే నేనే తీస్కొచ్చిన. ఇంటికాడ బర్లను సాదినోడు గద, జల్దీ పని పట్టిండు. బూడిద రంగు గుర్రం ఒకటుంటది. అది ఎవ్వలను దగ్గెరికి రానియ్యకపోతుండె. ఈని చేతులనే తింటుండె."

తన్నింది ఆ గుర్రమే. ఆ పొద్దున గాలి బాగా లేచింది. అతను దాని వెనక కాలు ఎత్తి పట్టుకుని గిట్టలో ఇరుక్కున్న పేడ, రాళ్ళు గీకి తీస్తున్నాడు. గడ్డి మోపుల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా తెగి గోడకి ఫట్‌మని కొట్టుకుంది. గుర్రం బెదిరింది. ఒక్కటే తన్ను.

"దానికి తెల్వది బేటీ, కింద ఎవలున్నరో" అన్నాడు చిచ్చా. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఆయన జేబులో రెండు ఫోన్లు ఉన్నాయి. ఒకటి తనది, రెండోది దెబ్బ తగిలినతనిది. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆ రెండోది టింగు టింగుమంటూనే ఉంది. ఆయన బయటికి తీసి చూసి, చేతిలో పట్టుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఆని పెండ్లాం" అన్నాడు.

భార్యకి మొదటి రోజు ఆయనే ఫోన్ చేశాడు. గుర్రం కాలు తగిలింది, దవాఖానకి తీసుకుపోతున్నాం అని మాత్రం చెప్పగలిగాడు. ఆమె ఏడవడం మొదలుపెట్టేసరికి ఫోన్ పెట్టేశాడు. మర్నాడు వాళ్ళ మేనేజరు ఆమె నంబరుకి ఇంగ్లీషులో చిన్న మెసేజ్ పంపించాడు. అతను వేరే దేశం వాడు, తెలుగు తెలియదు, హిందీ అంతంత మాత్రం. ఆసుపత్రి వాళ్ళు తనకు చెప్పిన మాటే ఆమెకు పంపాడు. హీ ఈజ్ స్టేబుల్ అని. ఆ తర్వాత నుంచి ఆమె ఏడవడం లేదు. తిడుతోంది.

"ఒక్కటి ఇను బేటీ" అని చిచ్చా ఆమె పంపిన వాయిస్ మెసేజ్ నొక్కి ఆ ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు.

"ఏమయ్యా, స్టేబుల్లకు వచ్చినవట గద. మీ సారు మెసేజ్ పెట్టిండు. వచ్చినోనివి ఒక్క ఫోన్ జేస్తె నీ ముల్లె ఏం పోతది? తలకాయ నొస్తుందా? నొస్తె నొస్తుందని చెప్పు. మొన్న నేను ఇంటికి రమ్మని కొట్లాడిన గదా, గందుకేనా నువ్వు మాట్లాడ్తలేవు? నీ కోపం నాకు ఎరుకలేదా? మంచిగ తిను. మక్కకంకులు పాలు వోసుకున్నయి."

గొంతులో చనువుతో కూడిన చిరాకు ఉంది. మాటల వెనక చిన్నగా చప్పుడు, కత్తెర చప్పుడు. బీడీలు చేస్తూ మాట్లాడుతోందనీ, ఆకు కత్తిరించే చప్పుడనీ చిచ్చా చెప్పాడు.

ఇలాంటివి ఆ ఫోన్‌లో బోలెడు. ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. "స్టేబుల్లకు వచ్చిండని ఊరంత చెప్పుకుంటుంది బేటీ. నేనేం చెప్పాలె? నా నోట్లకెళ్లి మాట వస్తలేదు."

నాకై నేను చెప్పడానికి వీల్లేదు. రోగి సంగతులు చెప్పే అధికారం టెక్నీషియన్‌కి లేదు. అందుకని ఐసీయూ పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఇంట్లోవాళ్ళకి అసలు సంగతి తెలియదని చెప్పాను. ఆయన సూడాన్ మనిషి. ఎత్తుగా, కాస్త వంగి నడుస్తాడు, గొంతు పెంచడు. నన్ను కూర్చోమని, "తెలుగులో నువ్వే చెప్పాలి. నేను పక్కనే ఉంటాను" అన్నాడు.

వార్డు చివర చిన్న గది ఉంది. టేబుల్ మీద కాగితపు రుమాళ్ళ డబ్బా తప్ప ఏమీ ఉండదు. అక్కడ డాక్టరు, ఒక నర్సు, చిచ్చా, నేను కూర్చున్నాం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చిచ్చా నంబరు కలిపాడు.

"నమస్తే అమ్మా. నేను దోహాలో హాస్పిటల్ నుంచి మాట్లాడుతున్నాను. మీ ఆయన మా దగ్గరే ఉన్నారు."

"దవాఖానలనా? మల్ల ఎందుకొచ్చిండు మేడం? మొన్ననే స్టేబుల్లకు పోయిండు గద."

"లేదమ్మా. ఆయన తీసుకొచ్చిన రోజు నుంచీ ఇక్కడే ఉన్నారు. ఎక్కడికీ వెళ్ళలేదు."

"అట్లెట్ల మేడం? వాళ్ల సారు పెట్టిండు గద, స్టేబుల్ల ఉన్నడని. మా పక్కింటి పిల్ల సదివి చెప్పింది. నాకు ఇంగిలీష్ రాదు గని ఆ మాట నాకెరుకే. దుబాయ్‌ల మా ఆయన ఉండే ఊరు గదే."

చిచ్చా టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ ఎక్కడైనా దుబాయే. ఆమెకి స్టేబుల్ అంటే ఊరు. వాళ్ళాయన దుబాయ్‌లో స్టేబుల్ అనే ఊళ్ళో ఉంటాడని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంది. గుర్రాల సంగతి ఆమెకి తెలుసు. ఏ గుర్రం రంగు ఏమిటో, ఏది ఏం తింటుందో కూడా తెలుసు. అవి కట్టేసే కొట్టానికే ఆ పేరని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

"ఆ మాటకి ఇంకో అర్థం ఉందమ్మా" అన్నాను. "డాక్టర్లు అంటుంటారు. మనిషి పరిస్థితి నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది, మార్పేమీ లేదు అని చెప్పడానికి. వాళ్ళ సారు పెట్టింది అది."

కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"ఒక్కటే మాటనా మేడం రెండిటికి?"

"ఒకటే మాట."

"అయితే గుర్రాల కాడికి పోలే."

"పోలేదమ్మా."

లైను తెగిందేమోనని చిచ్చా ఫోన్ వైపు వంగాడు. అప్పుడు ఆమె అడిగింది. "ఇంతకు మంచిగున్నట్టా మేడం, లేనట్టా?"

ఆ ప్రశ్న డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ముందుగా అలవాటు కొద్దీ నోటికొచ్చిన మాట, "క్రిటికల్, బట్ స్టేబుల్" అన్నాడు.

ఫోన్‌లోంచి ఆమె గొంతు లేచింది. "అగో! ఆ సారు గూడ గదే అంటుండు గద మేడం! ఏ స్టేబులు అంటుండు?"

నేను డాక్టరు వైపు చూశాను. ఆమె ఆ మాటని పట్టుకుంటోంది అని చెప్పాను. ఆయనకి అర్థమైంది. ఆ తర్వాత ఆ మాట వాడలేదు. మెదడు బాగా దెబ్బతిన్నదని, ఊపిరి మిషన్‌దేనని, తనంతట తాను లేచే ఆశ దాదాపు లేదని చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాడు. ఒక్కోటీ నేను తెలుగులోకి మార్చాను. పుస్తకంలో చదివిన తెలుగు, మా గోదావరి తెలుగు, ఆమె తెలుగు, ఏది నోటికి వస్తే అది. మెదడు అన్నాక ఆమెకి అర్థమైందో లేదోనని తలకాయ లోపల అని మళ్ళీ చెప్పాను.

"లేస్తడా?" అని అడిగింది చివరికి.

"చాలా కష్టమమ్మా."

ఆమె గట్టిగా ఏడవలేదు. చిచ్చా ఏడ్చాడు. ఆమే ఆయన్ని అడిగింది, "చిచ్చా, ఏడుస్తున్నవా? నువ్వు ఏడిస్తె నేనేం జెయ్యాలె?" అని. ఆ తర్వాత నన్ను ఒకే ఒక్కటి కోరింది. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టమని.

ఆ వార్డులో అది ఎవరూ కాదనరు. రోజూ నా డ్యూటీ అయ్యే వేళకి చిచ్చా వచ్చేవాడు. పొద్దున గుర్రాలకి మేత పెట్టి, మాలీషు చేసి, బస్సు పట్టుకుని వచ్చేవాడు. చేతులు కడిగించి నర్సు ఆయన్ని లోపలికి పంపేది. ఆయన మంచం పక్కన నిలబడి ఫోన్ పట్టుకునేవాడు. స్పీకర్ తగ్గించేవాడు గానీ ఆమె గొంతు పెద్దది, పక్కన ఉన్నవాళ్ళకి వినపడేది. నేను వెళ్ళిపోవచ్చు. వెళ్ళబుద్ధయ్యేది కాదు.

మొదట్లో ఆమెకి మాట వచ్చేది కాదు. బదులు చెప్పని మనిషితో ఏం మాట్లాడాలి? "ఇనవడ్తుందా?" అని అడిగి ఆగేది. మళ్ళీ "ఇనవడ్తుందా?" అనేది. తర్వాత తర్వాత అలవాటైంది. మక్కచేనుకి పందులు వస్తున్నాయని చెప్పింది. బీడీ ఆకు ఈసారి మంచిది ఇవ్వలేదని, అంతా చిల్లులేనని చెప్పింది. ఒక రోజు మాత్రం ఇలా అంది.

"నేను రమ్మని కొట్లాడిన గదా. అది ఇడిశిపెట్టు. నువ్వు రాకు. ఇంకో ఏడాది అన్నవు గద, ఇంకో ఏడాదే ఉండు. రెండేండ్లు ఉంటనంటే రెండేండ్లు ఉండు. ఆ గుర్రాల కాడనే ఉండు. నేనేమన్న. లేచి గక్కడికి పో చాలు."

చిచ్చా చేతిలోంచి ఫోన్ జారి దుప్పటి మీద పడింది. నర్సుది ఫిలిప్పీన్స్, ఆమెకి తెలుగు ఒక్క ముక్క రాదు. వచ్చి ఫోన్ తీసి మళ్ళీ అతని చెవి దగ్గర పెట్టి, తనే పట్టుకుని నిలబడింది.

పొద్దునపూట నేను తీసే ఫోటోలు వేరే కథ చెబుతున్నాయి. నల్లగా ఉన్న ఊపిరితిత్తుల అడుగున తెల్లని మచ్చలు మొదలయ్యాయి. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. మంచానికి అతుక్కుపోయిన మనుషుల్లో జరిగేదే. అయినా ఫోటో తెర మీదకి వచ్చేటప్పుడు ఇవాళ మచ్చ తగ్గితే బాగుండునని చూసేదాన్ని. కొన్నాళ్ళు మచ్చలు పెరగకుండా అలాగే ఉన్నాయి. రిపోర్టులో స్టేబుల్ అని వచ్చేది. ఆమె కూడా ఆ మాట నేర్చేసుకుంది. నన్ను మేడం అనడం మాని అక్కా అంటోంది. "ఇయ్యాల గూడ స్టేబులేనా అక్కా?" అని అడిగేది. అవునంటే "సరే" అనేది. ఆ సరేలో తృప్తి ఉండేది. ఆ మాట మీద నాకు ఎంత కోపమున్నా, ఆమె కోసం దాన్నే రోజూ వెతుక్కునేదాన్ని.

ఒక రోజు ఆమె "ఆయన ఉండే జాగ ఒక్కసారి సూపిస్తవా అక్కా? ఫోన్లనే" అని అడిగింది. శుక్రవారం మా ఆయన కార్లో రయ్యాన్ అవతలికి తీసుకెళ్ళాడు. ఎత్తైన గోడ, ఇనప గేటు. లోపల వేపచెట్లు వరసగా ఉన్నాయి, నీళ్ళ పైపులు పెట్టి పెంచినవి. చిచ్చా గేటు దగ్గరికి వచ్చి తీసుకెళ్ళాడు. గుర్రాలు ఉండే చోటు చల్లగా ఉంది, ఏసీలు తిరుగుతున్నాయి. ఆ ఏసీల సర్వీసు చాలా బాగా చేశారని మా ఆయన మెచ్చుకున్నాడు, తన పని కదా. దాని వెనకే రేకుల గదులు. ఒక దాంట్లో చిచ్చా మంచం, ఎదురుగా అతని మంచం. మంచం కింద రేకు పెట్టె, గోడకి మేకు, మేకుకి రెండు చొక్కాలు.

వీడియోలో ఆమెకి అన్నీ చూపించాను. గుర్రాల అరలు చూపిస్తుంటే ఆమె మెల్లిగా అంది.

"గిదా స్టేబుల్ అంటె? కొట్టం గద అక్కా ఇది."

"అవునమ్మా, కొట్టమే."

"నేనేందో పెద్ద ఊరనుకున్న."

బూడిద రంగు గుర్రం చివరి అరలో ఉంది. చిచ్చా వద్దంటాడేమో అనుకున్నాను, అనలేదు. ఫోన్ దాని వైపు తిప్పాను. అది తల బయటికి పెట్టి చెవులు ఆడించింది. పొడుగాటి కనురెప్పలు, ముక్కు దగ్గర గులాబీ రంగు. చూసేవాళ్ళకి భయం కలిగించే రూపం కాదది.

"దాన్ని కొట్టిండ్రా చిచ్చా?"

"లే బిడ్డా. ఎందుకు కొడ్తం?"

"మంచిది" అంది. "తింటుందా?" అని అడిగింది.

"మొదల రెండు దినాలు తినలే. ఇప్పుడు తింటుంది."

"తిననీ" అంది. ఫోన్ పెట్టేసింది.

తిరిగి వస్తుంటే కార్లో మా ఆయనకి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అల్ వుకైర్‌లో కొత్త సైటు ఇచ్చారని, కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారని. ఆయన మొహం విప్పారింది. నా వైపు తిరిగి ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. నేను కిటికీ లోంచి బయటికి చూస్తున్నాను.

ఆ వారంలోనే అతనికి జ్వరం పట్టుకుంది. ఫోటోలో తెలుపు పైదాకా పాకింది. మందులు మార్చారు, మిషన్ పెంచారు. ఆమె "ఇయ్యాల గూడ స్టేబులేనా అక్కా?" అని అడిగితే నేను "డాక్టరు గారు మాట్లాడతారమ్మా" అన్నాను. మళ్ళీ ఆ చిన్న గదిలో కూర్చున్నాం. డాక్టరు చెబుతున్నాడు, నేను తెలుగులో అంటున్నాను. మధ్యలో ఆమె నన్ను ఆపింది.

"అక్కా, ఆ సారు ఇయ్యాల ఆ మాట అంటలేడు."

"లేదమ్మా."

"ఇంక అనడా?"

నేను డాక్టరుని అడగలేదు. అడగకుండానే "అనరమ్మా" అని చెప్పాను.

అతను పోయిన పొద్దున నేను మామూలుగానే మిషన్ తోసుకుంటూ వెళ్ళాను. అతని మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు బయటికి వచ్చి చేత్తో సైగ చేసింది, ఈ మంచానికి అక్కర్లేదని. మిషన్ని పక్క మంచం దగ్గరికి తోశాను. అక్కడ ఎవరో ముసలాయన. ప్లేటు పెట్టాను, కేక వేశాను, మీట నొక్కాను. ఆ తర్వాత ఇంకో మంచం. వార్డంతా అయ్యాక మిషన్ని దాని చోట పెట్టి, బట్టలు మార్చుకునే గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను.

ఆమెకి చిచ్చాయే చెప్పాడు. ఈసారి ఆయన నోటి నుంచి మాట వచ్చింది. "బిడ్డా, మావోడు పోయిండు" అన్నాడు.

కాగితాల పనులు, సంతకాలు, శవాన్ని పంపే పెట్టె తయారవడం, ఇవన్నీ మేనేజరు చూసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. తన మెసేజ్ ఆమె ఎలా అర్థం చేసుకుందో చిచ్చా చెప్పినప్పుడు చాలాసేపు ఫోన్‌లో ఆ మూడు ముక్కలే చూస్తూ కూర్చున్నాడట. చిచ్చాకి సెలవిచ్చి పెట్టెతోపాటు పంపించింది అతనే. హైదరాబాదులో దిగి, అక్కడి నుంచి వ్యాన్‌లో చిచ్చా చనిపోయినతని ఊరిదాకా వెళ్ళాడు. తన ఊరు దారిలోనే ఉన్నా ముందు అక్కడికే వెళ్ళాడు.

సెలవు అయిపోయి తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం ఆసుపత్రికి వచ్చాడు. నర్సులకి ఇవ్వమని సకినాల పొట్లం తెచ్చాడు, ఆమె పంపించిందట. ఇద్దరం క్యాంటీన్‌లో కూర్చున్నాం. ఊరు ఎలా ఉంది, ఆమె ఎలా ఉంది అని అడిగాను. పొద్దంతా బీడీలు చేస్తోందని, అన్నం సరిగ్గా తినడం లేదని అన్నాడు. మక్కలు ఇల్లు చేరాయట. టీ చల్లారిపోతున్నా తాగకుండా అలాగే పట్టుకున్నాడు.

"నేను మల్ల వచ్చేనాడు దర్వాజ కాడికి వచ్చింది బేటీ. మల్ల ఆడికే పోతవా చిచ్చా అని అడిగింది. పోవాలె బిడ్డా, నాకింకో పని రాదు అన్న."

"ఏమంది?"

"పైలం అన్నది. దాని ఎనకకెళ్లి పోకు, ముంగటికెళ్లి పో, పిలుసుకుంట పో అన్నది." టోపీ సర్దుకున్నాడు. "నేను పుట్టింది గుర్రాల కాడనే బేటీ. మా అబ్బాజాన్ టాంగా తోలుతుండె. నాకు చెప్తుంది."

"మీరేమన్నారు?"

"సరే బిడ్డా, గట్లనే పోత అన్న."

సాయంత్రం మేత వేళ అవుతోందని లేచాడు. రయ్యాన్ బస్సు ఎక్కేదాకా ఆయనతో నడిచాను. బయట మళ్ళీ గాలి లేస్తోంది. బస్సు తలుపు మూసుకునేలోపు ఆయన వెనక్కి తిరిగి, ఇంటికి పొమ్మని చేత్తో సైగ చేశాడు.